కరపత్రం బోనెక్కినప్పుడు

అలంకారశాస్త్రం చదువుకున్నవాళ్ళు ఒకసారైనా తిరగెయ్యవలసిన పుస్తకాల్లో భారత శిక్షాస్మృతి ఒకటి. ఇది పరిహాసానికి అంటున్న మాట కాదు. 1860లో చేసిన ఆ చట్టంలో 499వ సెక్షను పరువునష్టాన్ని నిర్వచిస్తుంది. నిర్వచించి ఊరుకోదు. మన లాక్షణికుల మాదిరిగానే ఉదాహరణలు కూడా చూపిస్తుంది. ఫలానా మనిషి నిజాయితీపరుడని, పక్కవాడి గడియారం అతను దొంగిలించనే లేదని ఒకడంటాడు. దొంగిలించాడనే అర్థం వినేవాళ్ళకు తట్టాలని అంటాడు. మినహాయింపుల్లో ఇమడకపోతే అది పరువునష్టమే. మనం తరగతిలో వ్యాజస్తుతి అని చెప్పేదాన్ని చట్టం నేరాల పట్టికలో చేర్చింది. గడియారం ఎవరు తీశారని అడిగితే నోరు విప్పకుండా వేలు చూపించినా అంతే. గడియారంతో పారిపోతున్నట్టు బొమ్మ గీసినా అంతే. అభిధ దగ్గర ఆగిపోకుండా వ్యంజన దాకా వెళ్ళగలిగిన చెవి ఈ చట్టానికి ఉంది.

అంతకంటే ఆశ్చర్యకరమైనది ఆరవ మినహాయింపు. అది నేరుగా విమర్శకుణ్ణి ఉద్దేశించింది. పుస్తకం ప్రకటించినవాడు, సభలో ఉపన్యసించినవాడు, రంగస్థలమెక్కినవాడు తమ పనిని ప్రజల తీర్పుకు పెట్టినట్టేనని చెబుతూ, ఒక హద్దు గీస్తుంది. పుస్తకం తెలివితక్కువగా ఉంది కాబట్టి రాసినవాడు బలహీనుడై ఉండాలి అంటే తప్పులేదు. రాసినవాడు బలహీనుడు, విషయలోలుడు కాబట్టి పుస్తకం ఇలా ఏడవటంలో వింతేముంది అంటే తప్పు. అంటే రచన నుంచి రచయిత దగ్గరికి నడవవచ్చు, రచయిత నుంచి రచన మీదికి దూకకూడదు. ఈ ఒక్క సూత్రాన్ని పాటించి ఉంటే తెలుగు సాహిత్యంలో సగం వాదోపవాదాలు పుట్టేవే కావు.

2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పరువునష్టం 356వ సెక్షనుకు మారింది. ఆ గడియారమూ, ఆ బలహీనుడి పుస్తకమూ దాదాపు అలాగే కొత్త చట్టంలోకి నడిచి వచ్చాయి. రెండేళ్ళ వరకు సాధారణ జైలుశిక్ష, లేదా జరిమానా, లేదా రెండూ అన్న పాత శిక్షకు సమాజసేవ అనే మరో మార్గం కలిసింది.

మాట పోకడను ఇంత చక్కగా పట్టుకోగల చట్టం ఎవరి ఫిర్యాదు మీద, ఎవరి మాటను, ఎంతకాలం విచారిస్తుందన్నది ఈ వ్యాసం ప్రశ్న. పరువు కేసుల్లో తూకానికి వచ్చేది మాట ఒక్కటే కాదు, ఆ మాటను కోర్టులో నిలబెట్టుకోగల స్తోమత కూడా. ఆ స్తోమతను సమష్టిగా సమకూర్చుకోనంతవరకు ఉద్యమకారుని భావప్రకటనా స్వాతంత్ర్యం కాగితం మీది హక్కుగానే ఉండిపోతుంది. ఐతే ఆ రక్షణ మొదలు కావలసింది కోర్టులో కాదు, కరపత్రం రాసే బల్ల దగ్గరే. ఈ రెండు విషయాలూ కలిపి చూడవలసినవి.

* * *

మొదట ఒక నాటకం సంగతి చూద్దాం. దీనబంధు మిత్ర బెంగాలీలో రాసిన 'నీల్ దర్పణ్' 1860లో ఢాకాలో అచ్చయింది. రచయిత తపాలా శాఖ ఉద్యోగి కావటం వల్ల నాటకం మీద ఆయన పేరు లేదు. బెంగాలు రైతుల చేత బలవంతంగా నీలిమందు పండించి, ఎదురు తిరిగినవాళ్ళను కొట్టి, నిర్బంధించిన తెల్ల తోటల యజమానుల దౌర్జన్యం అందులో వస్తువు. నీలిమందు రైతాంగం తిరగబడి, ప్రభుత్వమే విచారణ సంఘాన్ని వేయవలసి వచ్చిన సంవత్సరం కూడా అదే. అంటే నాటకం చెప్పిన విషయం అప్పటికే లోకానికి తెలుసు. బెంగాలీలో ఉన్నంతకాలం నాటకాన్ని ఎవరూ కోర్టుకు ఈడ్వలేదు. చర్చి మిషనరీ సొసైటీకి చెందిన రెవరెండ్ జేమ్స్ లాంగ్ దాన్ని ఇంగ్లీషులో అచ్చువేయించాడు. పాలకుల భాషలోకి వచ్చేసరికి అది నేరమైంది.

ముందు ముద్రాపకుని మీద కేసు పెట్టారు. లాంగ్ బాధ్యత తనదని ముందుకు వచ్చాడు. అనువాదకుని పేరు మాత్రం చెప్పలేదు. 1861 జూలైలో కలకత్తా సుప్రీంకోర్టులో జస్టిస్ మోర్డాంట్ వెల్స్ ముందు విచారణ జరిగింది. శిక్షాస్మృతి అప్పటికే తయారై ఉన్నా 1862 జనవరి 1 దాకా అమలులోకి రాలేదు కాబట్టి, ఇంగ్లండు నుంచి దిగుమతి అయిన లైబెల్ న్యాయమే వర్తించింది. తోటల యజమానుల వర్గం పరువు పోయిందన్నది ఒక ఆరోపణ. డబ్బుకు అమ్ముడుపోయి యజమానులను పొగిడారని ముందుమాటలో అనిపించుకున్న పత్రికా సంపాదకుల పరువు పోయిందన్నది రెండవది. లాంగ్‌కు నెల రోజుల జైలు, వెయ్యి రూపాయల జరిమానా విధించారు.

ఈ కేసులో మనం గమనించవలసిన అంశాలు రెండున్నాయి. రైతుల వీపు మీద దెబ్బలు ఎవరి పరువుకూ నష్టంగా లెక్కకు రాలేదు. ఆ దెబ్బల గురించి చెప్పటం లెక్కకు వచ్చింది. పరువు అనేది ఒక రకమైన ఆస్తి అనీ, ఆస్తి ఉన్నవాడి దగ్గరే అది కూడా పోగవుతుందనీ అనటానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు. ఇక రెండవది. లాంగ్ జరిమానాను అక్కడికక్కడే కాళీప్రసన్న సిన్హా చెల్లించాడు. ఆయన బెంగాలీ రచయిత, మహాభారతాన్ని బెంగాలీ వచనంలోకి తెప్పించిన మనిషి. ఒక రచయిత రాసిన నాటకానికి, ఒక ఫాదిరీ జైలుకు పోతే, ఇంకొక రచయిత డబ్బు కట్టాడు. ఈ ముగ్గురి మధ్యా మతమూ ఒకటి కాదు, వృత్తీ ఒకటి కాదు. భావప్రకటన కోసం సమష్టి రక్షణ అనే మాటకు మన దేశంలో ఇది తొలి దృష్టాంతాల్లో ఒకటి.

ఆ తర్వాత పదమూడేళ్ళకు, 1874లో, కందుకూరి వీరేశలింగం 'వివేకవర్ధని' పెట్టి ఉద్యోగుల లంచగొండితనాన్ని వీధికెక్కించారు. ప్లీడర్ల మీద ప్రహసనం రాశారు. ప్రహసనానికి ఒక వెసులుబాటు ఉంది. పాత్రకు వేరే పేరు పెట్టవచ్చు, అసలు మనిషెవరో ఊరు గ్రహించుకుంటుంది. కరపత్రానికి ఆ వెసులుబాటు లేదు. అది పేరుపెట్టి పిలవాలి. యజమాని పేరు, ఫ్యాక్టరీ పేరు, కూలి ఎంత, కోత ఎంత చెప్పకపోతే కరపత్రం కరపత్రమే కాదు. అందుకే పరువు చట్టం ఎక్కువగా వెంటపడేది దాన్నే.

* * *

అలా వెంటపడిన ఒక కరపత్రం చరిత్ర ఇంగ్లండులో జరిగింది. 1986లో 'లండన్ గ్రీన్‌పీస్' అనే చిన్న బృందం మెక్‌డొనాల్డ్స్ కంపెనీ మీద ఆరు పేజీల కరపత్రం పంచింది. పేరొందిన గ్రీన్‌పీస్ అంతర్జాతీయ సంస్థతో ఈ బృందానికి సంబంధం లేదు. 1990లో కంపెనీ ఐదుగురి మీద పరువునష్టం దావా వేసింది. ముగ్గురు క్షమాపణ చెప్పి బయటపడ్డారు. హెలెన్ స్టీల్, డేవ్ మోరిస్ అనే ఇద్దరు చెప్పలేదు. స్టీల్ చిన్నాచితకా పనులు చేసుకునే యువతి. మోరిస్ పూర్వం పోస్టుమాన్, కొడుకును ఒంటరిగా పెంచుకుంటున్న తండ్రి. ఇంగ్లండులో పరువు కేసులకు ప్రభుత్వ న్యాయసహాయం లేదు. కంపెనీ పక్షాన పరువు చట్టంలో ఆరితేరిన బారిస్టరు నిలబడ్డాడు. వీళ్ళిద్దరూ తమ కేసు తామే వాదించుకున్నారు. సమయం దొరికినప్పుడల్లా ఉచితంగా సలహా ఇచ్చిన న్యాయవాదుల్లో కీర్ స్టార్మర్ ఒకడు. ఆయన 2024లో ఆ దేశ ప్రధాని అయ్యాడు.

1994 జూన్‌లో విచారణ మొదలైంది. సాక్ష్యాలు మరీ జటిలమన్న కారణం మీద జ్యూరీని కూడా నిరాకరించారు. కోర్టు 313 రోజులు కూర్చుంది. ఇంగ్లండు చరిత్రలో అంత సుదీర్ఘమైన విచారణ అంతకుముందు లేదు. ఒక కరపత్రాన్ని వాక్యం వాక్యంగా విడదీసి, ఒక్కొక్క వాక్యం తాత్పర్యమేమిటి, దానికి సాక్ష్యమేమిటి అని ఇన్నాళ్ళు చర్చించిన వ్యాఖ్యానం మరే రచనకూ దక్కి ఉండదు. 1997 జూన్ 19న జస్టిస్ బెల్ తీర్పు చెప్పాడు.

ఆ తీర్పును మన పక్షం సాధారణంగా ఒక విజయగాథగా చెప్పుకుంటుంది. అలా చెప్పుకోవటం సగమే నిజం. పసిపిల్లలను ప్రకటనలతో వాడుకుంటున్నారన్నది నిలబడింది. జంతువుల పట్ల క్రూరత్వానికి కంపెనీకి బాధ్యత ఉందన్నది నిలబడింది. తక్కువ వేతనాలిచ్చి ఆ రంగంలో మొత్తం వేతనాలను కుంగదీస్తున్నారన్నది నిలబడింది. వర్షారణ్యాల విధ్వంసానికి, పేద దేశాల ఆకలికి ఆ కంపెనీని బాధ్యురాలిని చేసిన వాక్యాలు నిలబడలేదు. తిండికీ గుండెజబ్బుకూ ముడిపెట్టిన మాటను మొదటి కోర్టు ఒప్పుకోలేదు. 1999లో అప్పీలు కోర్టు మాత్రం దాన్ని కొంతవరకు ఒప్పుకుంది. మొదట 60 వేల పౌండ్లు విధించిన నష్టపరిహారాన్ని 40 వేలకు తగ్గించింది. ఆ డబ్బు వాళ్ళు కట్టలేదు, కంపెనీ వసూలు చేయనూ లేదు.

నిలబడిన వాక్యాలకూ పడిపోయిన వాక్యాలకూ ఉన్న తేడాను విమర్శకులుగా మనం పరిశీలించాలి. కూలి ఎంత, ప్రకటన ఎవరిని ఉద్దేశించి తయారైంది, కోడిని ఏ స్థితిలో ఉంచారు అన్నవి కంటితో చూసి, కాగితంతో చూపి, పనివాడి నోటితో చెప్పించగలిగిన విషయాలు. అవి నిలిచాయి. ఒక దేశంలో అమ్మిన రొట్టెముక్క నుంచి మరో ఖండంలోని ఆకలి దాకా ఒకే గుక్కలో దూకిన వాక్యాలు పడిపోయాయి. దోపిడీ వ్యవస్థకు అలాంటి గొలుసు లేదని కాదు. ఆ గొలుసులోని ఒక్కొక్క లంకెనూ చూపకుండా కొసలు రెండూ పట్టుకుని వాక్యం కట్టటం మన కరపత్ర శైలికి అలవాటైపోయిందని. ఆవేశం ఉన్నచోట ఆధారం అక్కరలేదనుకోవటం శైలీదోషం మాత్రమే కాదు. శత్రువు చేతికి మనమే అందించే ఆయుధం.

ఈ కథకు ఇంకొక చేదు ముగింపు ఉంది. ఆ బృందంలోకి కంపెనీ ప్రైవేటు గూఢచారులను పంపిందన్న సంగతి విచారణలోనే బయటపడింది. కరపత్రం రాసినవాళ్ళలో మారుపేరుతో చేరిన పోలీసు అధికారి ఒకడున్నాడని 2013లో పత్రికలు బయటపెట్టాయి. రాసినవాడు రాజ్యం మనిషి. దావా ఎదుర్కొన్నవాళ్ళు మామూలు మనుషులు.

స్టీల్, మోరిస్ అక్కడితో ఆగకుండా స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానానికి వెళ్ళారు. 2005 ఫిబ్రవరి 15న అది వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. పెద్ద కంపెనీ పరువు దావా వేయకూడదని ఆ కోర్టు అనలేదు. నిజమని రుజువు చేయవలసిన భారం చెప్పినవాడి మీద పెట్టటాన్ని కూడా సూత్రరీత్యా తప్పుపట్టలేదు. ఐతే అంత భారం మోపినప్పుడు, మోయటానికి సహాయం ఇవ్వకపోవటం న్యాయమైన విచారణకు విరుద్ధమన్నది. ప్రధాన స్రవంతికి వెలుపల ఉన్న చిన్న బృందాలు కూడా ప్రజాచర్చలో పాల్గొనటంలో సమాజానికి ప్రయోజనముందన్నది. వాళ్ళ ఆదాయంతో పోలిస్తే విధించిన పరిహారం మోయరానిదన్నది. న్యాయసహాయం లేని భావప్రకటనా స్వేచ్ఛ స్వేచ్ఛ కాదని ఒక అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పటం చిన్న విషయం కాదు. చెప్పటానికి పదిహేనేళ్ళు పట్టిందన్నది కూడా చిన్న విషయం కాదు.

* * *

ఇక మన దేశానికి వద్దాం. రాజ్యాంగం 19వ అధికరణం భావప్రకటనా స్వాతంత్ర్యాన్ని ఇస్తూనే, దానిపై విధించదగిన పరిమితుల్లో పరువునష్టాన్ని చేర్చింది. ఇంగ్లండులో పరువునష్టం ఇప్పుడు దావా మాత్రమే. మన దేశంలో అది దావా, నేరం కూడా. నేరంగా ఉంచటం రాజ్యాంగ విరుద్ధం కాదని 2016 మే 13న సుబ్రమణ్యస్వామి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పైగా క్రిమినల్ కేసులో చెప్పింది నిజమైతే సరిపోదు, అది ప్రజాహితం కోసం చెప్పినదని కూడా చూపాలి. కంపెనీలకూ, సంఘాలకూ పరువు ఉంటుందని చట్టం వివరణ ఇచ్చింది.

ఆశ కలిగించే తీర్పులు లేకపోలేదు. ప్రభుత్వమూ, స్థానిక సంస్థలూ పరువునష్టం దావా వేయజాలవని, అధికారులు తమ విధినిర్వహణ గురించిన విమర్శ మీద దావా వేస్తే, చెప్పినవాడు అబద్ధమని తెలిసో, నిజానిజాలు పట్టించుకోకుండానో చెప్పాడని చూపాలని 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఈ ఆలోచనకు మూలం 1964 నాటి అమెరికా తీర్పు. నల్లజాతి విద్యార్థుల ఉద్యమానికి మద్దతుగా 'న్యూయార్క్ టైమ్స్'లో వచ్చిన ప్రకటనలో కొన్ని పొరపాట్లు దొర్లాయి. మార్టిన్ లూథర్ కింగ్‌ను నాలుగుసార్లు అరెస్టు చేస్తే ఏడుసార్లని పడింది. విద్యార్థులు పాడిన పాట ఒకటైతే ఇంకొకటని పడింది. అలబామా కోర్టు పత్రికతో పాటు నలుగురు నల్లజాతి మతబోధకుల మీద కూడా కలిపి ఐదు లక్షల డాలర్లు విధించింది. స్వేచ్ఛగా సాగే చర్చలో పొరపాట్లు తప్పవని, వాటికి ఊపిరి తీసుకునే చోటు ఉండాలని అక్కడి సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఆధారం లేని వాక్యాన్ని నేను ఇంతకుముందు తప్పుపట్టాను. పొరపాటు వేరు, నిర్లక్ష్యం వేరు. మొదటిదాన్ని చట్టం క్షమించాలి. రెండవదాన్ని మనమే క్షమించుకోకూడదు.

2011 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ముందుకు ఇంకొక రకం రచన వచ్చింది. ఒడిశాలోని ధామ్రా రేవు వల్ల సముద్రపు తాబేళ్ళకు ముప్పు ఉందని గ్రీన్‌పీస్ సంస్థ కంప్యూటరు ఆట ఒకటి తయారుచేసింది. అందులో తాబేలును తరిమే దయ్యాలు టాటా కంపెనీ చిహ్నంతో ఉంటాయి. కంపెనీ పది కోట్లు అడుగుతూ, విచారణ తేలేదాకా ఆ ఆటను ఆపాలని కోరింది. జస్టిస్ రవీంద్ర భట్ ఆపటానికి నిరాకరించారు. ప్రజలకు సంబంధించిన విషయం మీద వ్యంగ్యాన్ని, ప్రతివాది సమర్థించుకుంటానంటున్నప్పుడు, విచారణకు ముందే నోరు నొక్కి ఆపకూడదన్నారు. జరుక్ శాస్త్రి పేరడీలు చదివిన తెలుగు పాఠకుడికి ఇందులో కొత్తదేమీ లేదు. పేరడీ అంటేనే మూలాన్ని గుర్తుపట్టేలా ఉండాలి. చిహ్నం వాడవద్దంటే పేరడీ చేయవద్దని అర్థం.

ఈ తీర్పులతో పాటు ఇంకొక కేసు కాలక్రమాన్ని కూడా చదవాలి. నర్మదా బచావో ఆందోళన్ నాయకురాలు మేధా పాట్కర్ పేరుతో 2000 నవంబరులో వచ్చిన ఒక పత్రికా ప్రకటన మీద వి.కె.సక్సేనా 2001లో క్రిమినల్ కేసు పెట్టారు. అప్పుడు ఆయన ఒక స్వచ్ఛంద సంస్థ అధ్యక్షుడు, తర్వాత ఢిల్లీ లెఫ్టినెంట్ గవర్నరు. తన మీద వచ్చిన ప్రకటనల విషయంలో అంతకుముందే ఆమె కూడా ఆయన మీద కేసు వేశారన్నది దాచవలసిన విషయం కాదు. 2024లో మేజిస్ట్రేటు కోర్టు ఆమెను దోషిగా తేల్చి, ఐదు నెలల జైలు, పది లక్షల పరిహారం విధించింది. 2025లో పై కోర్టు జైలును ప్రొబేషన్‌గా మార్చింది. ఆ ఏడు ఆగస్టులో సుప్రీంకోర్టు జరిమానా తీసివేసి, దోషనిర్ధారణను మాత్రం ఉంచింది. తీర్పు మంచిచెడ్డలు అలా ఉంచండి. ఒక్క ప్రకటన మీద ఇరవై నాలుగేళ్ళు! అన్నేళ్ళు వాయిదాలకు తిరగటమే ఒక శిక్ష. పేరున్న నాయకురాలు దాన్ని తట్టుకుంది. మండల కేంద్రంలో క్వారీ కాంట్రాక్టరు మీద కరపత్రం పంచిన కుర్రవాడు తట్టుకోగలడా? మూడో వాయిదాకే క్షమాపణ పత్రం మీద సంతకం చేస్తాడు. అతని కేసు ఏ తీర్పుల సంపుటిలోనూ కనపడదు.

* * *

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. పేదవాడికి పరువు లేదా? తప్పుడు నింద పడ్డ స్త్రీకి, దళితుడికి, కార్మికుడికి చట్టం అక్కరలేదా? అక్కరే. పరువు పూర్తిగా ధనికుల భావన అని కొట్టిపారేయటం తొందరపాటు. కూలివాడికి మాట పోవటమంటే మరునాటి పని పోవటమే. కానీ నష్టపరిహారం దావా వేయాలంటే అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, వకీలును పెట్టుకోవాలి. అంటే దావా వేయటానికీ డబ్బు కావాలి, ఎదుర్కోవటానికీ డబ్బు కావాలి. పేదవాడి పరువును కాపాడుతున్నానని చెప్పుకునే చట్టం రెండువైపులా అతనికి తలుపు మూసే ఉంచింది.

కాబట్టి మనం కోరవలసింది నింద వేయటానికి లైసెన్సు కాదు. పరువునష్టం నేరంగా ఉండకూడదు, దావాగానే ఉండాలి. లాభం కోసం నడిచే కంపెనీ నిజంగా తీవ్రమైన ఆర్థిక నష్టం చూపితే తప్ప దావా నిలవకూడదు. ఇంగ్లండులో 2013 చట్టం ఈ షరతు పెట్టింది. నోరు మూయించటానికే వేసిన దావాను మొదట్లోనే కొట్టివేసే పద్ధతి ఉండాలి. మాల్టా దేశపు పాత్రికేయురాలు డాఫ్నీ కరువానా గలీజియా 2017లో హత్యకు గురయ్యేనాటికి ఆమె మీద నలభైకి పైగా పరువు కేసులున్నాయి. ఆ తర్వాత సాగిన ఆందోళన ఫలితంగా 2024లో ఐరోపా సమాజం సరిహద్దులు దాటిన కేసుల్లో ఇటువంటి రక్షణను శాసించింది. ప్రతివాదికి ఉచిత న్యాయసహాయం దయగా కాక హక్కుగా అందాలి.

చట్టం మారేదాకా చేతులు ముడుచుకు కూర్చోలేం. రచయితల సంఘాలు ఇంతవరకు కవిని అరెస్టు చేస్తే ఖండన ప్రకటనలు ఇచ్చాయి, సభలు పెట్టాయి. అది అవసరమే. దావా పడ్డ కరపత్ర రచయితకు సభ చాలదు. అచ్చుకు ముందు కరపత్రాన్ని చదివి, ఏ వాక్యానికి ఏ ఆధారముందో అడిగే న్యాయవాది కావాలి. ఆధారాల కాగితాలు భద్రపరిచే అలవాటు కావాలి. వాయిదాల ఖర్చుకు నిధి కావాలి. కరపత్రాన్ని సాహిత్యంగా గుర్తించి, కథను చదివినంత శ్రద్ధగా దాన్నీ చదివే విమర్శ కావాలి. ఈ చివరిది మన పని. మనం చేయనిది.

1861 జూలైలో కలకత్తా కోర్టు హాలులో తీర్పు వినబడగానే కాళీప్రసన్న సిన్హా వెయ్యి రూపాయలు కట్టేశాడు. చందా పుస్తకం తెచ్చి ఊరంతా తిరగటానికి అతను బయలుదేరలేదు. డబ్బు ముందే సిద్ధం చేసుకుని వచ్చి కూర్చున్నాడు. మన జిల్లాల్లో ఏ మేజిస్ట్రేటు కోర్టులోనో రేపు ఒక కరపత్రం బోనెక్కుతుంది. అప్పటికి మన దగ్గర ఏం సిద్ధంగా ఉంటుందో ఈ మహాసభల్లోనే తేల్చుకోవటం మంచిది.